మొటిమలూ, మందుల షాపూ, ఒక ఫుట్‌నోటూ

పోయిన సంక్రాంతికి గుంటూరులో మా పిన్ని వాళ్ళింటికెళ్ళాను. భోజనాలయ్యాక చేతులు కడుక్కుందామని వాష్‌బేసిన్ దగ్గరికెళ్తే, అద్దం కింద అరలో సగం దాకా నొక్కేసిన ట్యూబొకటి కనపడింది. పదేళ్ళు దాటినా ఆ ట్యూబుని చూడగానే గుర్తుపట్టేశాను.

"ఇదెవరు వాడుతున్నారు పిన్నీ?"

"చిన్నదిరా, మొటిమలకి. సందు చివర మెడికల్ షాపులో ఇచ్చారు. మొహం కూడా తేటపడింది, చూశావుగా."

చిన్నది అంటే మా పిన్ని కూతురు. ఇంటర్ రెండో సంవత్సరం. పిలిచి వెలుతురులో కూర్చోబెట్టి చూశాను. చెంపలు నున్నగా ఉన్నాయి. మరీ నున్నగా, ఉల్లిపొర లాగా. ముక్కుకి రెండు పక్కలా సన్నటి ఎర్రటి గీతలు. "మానేసి చూశావా ఎప్పుడైనా?" అనడిగా. "మానేస్తే రెండ్రోజుల్లో అంతకు ముందుకన్నా ఎక్కువొచ్చేస్తున్నాయి అన్నయ్యా. అందుకే మానట్లేదు" అంది.

సరిగ్గా ఇదే మాట నేను 2013లో అన్నాను. అప్పుడు నేనూ ఇంటరే. విజయవాడ దగ్గర హాస్టల్లో ఉండేవాణ్ణి. మొటిమల మీద అప్పటికే పసుపు, ముల్తానీ మట్టి, చివరికి టూత్‌పేస్ట్ కూడా ప్రయోగించి ఉన్నాను (నవ్వకండి, మీలో సగం మంది చేసిన పనే). ఏదీ పనిచెయ్యక మెడికల్ షాపుకెళ్తే, కౌంటర్లో ఉన్నాయన నా మొహం వైపు ఒక్క సెకను చూసి ట్యూబు తీసిచ్చాడు. "రాత్రిపూట పల్చగా రాయి తమ్ముడూ, మూడ్రోజుల్లో పోతాయి." నిజంగానే మూడ్రోజుల్లో పోయాయి! రూమ్మేట్లు నలుగురూ అదే కొన్నారు. నేను మాత్రం ఏడాదిన్నర రాశాను. మిగతా కథ మా చెల్లి కథే. ఇంజనీరింగ్ ఫస్టియర్లో స్కిన్ డాక్టరు దగ్గరికెళ్తే, ఆవిడ లెన్సు పెట్టి చూసి "ఎన్నాళ్ళ నుంచి రాస్తున్నావు?" అని మాత్రం అడిగింది. ఏం రాస్తున్నావని అడగలేదు. ఆ అవసరం లేదు, మొహం మీదే రాసుంది. బయటపడటానికి ఇంకో ఏడాది పట్టింది. నా కాలేజీ ఐడీ కార్డు ఫోటో ఇప్పటికీ ఎవరికీ చూపించను.

ఆ ట్యూబులో ఉన్నది స్టీరాయిడ్. మొటిమల మందే కాదది. మరి అది మొటిమల మందుగా, చీటీ అక్కర్లేని మందుగా ఎలా మారింది? ఆఫీసులో ప్రొడక్షన్లో ఏదన్నా పేలితే "రూట్ కాజ్ ఎనాలిసిస్" అని ఒక డాక్యుమెంటు రాయిస్తారు కదా, ఆ అలవాటుతో తవ్వుకుంటూ పోయాను. తవ్వితే అమెరికాలో తేలాను. మన ట్యూబుల్లో ఉండే మందుల్లో చాలావాటి పుట్టిల్లు అక్కడే. అదీగాక, పిల్లలు డాక్టరు చీటీ లేకుండా మొహానికి ఏం రాసుకోవచ్చు, ఏం రాసుకోకూడదు అని కూర్చుని కొట్టుకుని, ఆ కొట్టుకోడాన్ని కాగితాల మీద పెట్టిందీ వాళ్ళే.

1950లో ఇవాన్ కోంబ్ అనే వ్యాపారి, కెడ్జీ టెల్లర్ అనే కెమిస్టు కలిసి క్లియరసిల్ తెచ్చారు. కుర్రకారు మొటిమల కోసమే పుట్టిన మందు. అందులో ముఖ్యమైనవి గంధకం, రిసార్సినాల్. రెండూ చర్మ వైద్యంలో అప్పటికే పాతబడ్డ సరుకే, కొత్తేం కాదు. కొత్తదల్లా దాని రంగు. రాసుకుంటే మొటిమ కనపడకుండా చర్మం రంగులో ఉండేది (తెల్లవాళ్ళ చర్మం రంగు అని వేరే చెప్పక్కర్లేదనుకుంటా). 1957లో డిక్ క్లార్క్ 'అమెరికన్ బ్యాండ్‌స్టాండ్' ప్రోగ్రాం దేశమంతా టీవీలో మొదలైతే, దానికి స్పాన్సరు క్లియరసిలే. సాయంత్రం బడి నుంచి ఇంటికొచ్చి టీవీలో డాన్సులు చూసే పిల్లలకి, డాక్టరుతోనూ, అమ్మానాన్నలతోనూ పన్లేకుండా సొంత డబ్బులతో కొనుక్కునే మందు. మొటిమలనేవి "వయసులో వస్తాయి, అవే పోతాయి" అనే స్థాయి నుంచి "కొనుక్కుని పోగొట్టుకోవచ్చు" అనే స్థాయికొచ్చింది ఇక్కడే అని నా అభిప్రాయం.

అలా కొనుక్కునే వాటిల్లో అసలు హీరో బెంజాయిల్ పెరాక్సైడ్. మైదాని తెల్లగా చెయ్యడానికి కలిపే పదార్థం కూడా ఇదే (అందుకే ఇది రాసుకుని పడుకుంటే దిండు గలీబు మీద తెల్ల మచ్చలు పడతాయి, అమ్మ చేత తిట్లు కూడా). ఇది చర్మపు రంధ్రాల్లో ఆక్సిజన్ వదులుతుంది. మొటిమల్లో పెరిగే బాక్టీరియాకి ఆక్సిజన్ పడదు. యాంటీబయాటిక్‌లకి అలవాటు పడ్డట్టు ఆ బాక్టీరియా దీనికి అలవాటు పడలేదు, అదీ దీని గొప్ప.

అమెరికాలో మందుల సంగతి చూసే ఎఫ్.డి.ఎ. 1972లో ఒక పెద్ద పని నెత్తినెత్తుకుంది. చీటీ లేకుండా అమ్ముతున్న మందులన్నిటినీ బ్రాండు బ్రాండుకీ కాకుండా, లోపలున్న పదార్థాల్ని బట్టి నిపుణుల చేత తిరగేయించడం. మొటిమల మందుల తుది నియమాలు 1991లో వచ్చాయి. గంధకం ఓకే, సాలిసిలిక్ యాసిడ్ అర శాతం నుంచి 2 శాతం దాకా ఓకే. బెంజాయిల్ పెరాక్సైడ్ దగ్గర మాత్రం ఆగిపోయారు. కారణం, 1981లో ఎలుకల మీద జరిగిన ఒక పరిశోధన. దానికదే క్యాన్సర్ తెప్పించలేదు గానీ, వేరే రసాయనంతో ముందే మొదలైన కణుతుల్ని పెంచింది. దాంతో ఇంకా సమాచారం కావాలన్నారు. కంపెనీలు పరిశోధనలు చేసిచ్చాయి. అవన్నీ చదివి "2.5 నుంచి 10 శాతం దాకా సురక్షితమే" అని తేల్చింది ఎప్పుడనుకున్నారు? 2010లో. ఈ మధ్యలో మందు అమ్ముతూనే ఉన్నారు, జనం రాసుకుంటూనే ఉన్నారు. మన గవర్నమెంటు ఫైళ్ళే నత్తనడక అనుకునేవాళ్ళకి ఈ ముక్క అంకితం.

కథ అక్కడితో ఆగలేదు. ఈ మందు వేడికి విడిపోయి బెంజీన్ తయారవుతోందని 2024 మార్చిలో ఒక ప్రైవేటు లాబ్ పిటిషన్ వేసింది. బెంజీన్ క్యాన్సర్ కారకం. ఎఫ్.డి.ఎ. వాళ్ళు 95 ఉత్పత్తుల్ని పరీక్షించి 2025 మార్చిలో ఫలితాలు చెప్పారు. 90 శాతానికి పైగా వాటిల్లో బెంజీన్ లేదు, లేదా లెక్కలోకి రానంత తక్కువ. కొన్నింటిని మాత్రం షాపుల నుంచి వెనక్కి తెప్పించారు. మన గుంటూరు ఎండల్లో ఈ ట్యూబుని బండి డిక్కీలో పెట్టుకు తిరగడం మంచిది కాదని నేను అర్థం చేసుకున్నాను.

ఇక రెండో పాత్ర. ఈయన లేకుండా మొటిమల చరిత్ర లేదు, ఈయన్ని తల్చుకుంటే నాకు చేతులు కడుక్కోవాలనిపిస్తుంది. ఆల్బర్ట్ క్లిగ్మన్, పెన్సిల్వేనియా యూనివర్సిటీ చర్మ వైద్యుడు. విటమిన్ ఎ నుంచి వచ్చే ట్రెటినాయిన్‌ని మొటిమల మీద రాసి చూపించిన పేపరు 1969లో వచ్చింది. 1971లో అది రెటిన్-ఎ పేరుతో మార్కెట్లోకొచ్చింది. మొటిమ పుట్టేదే రంధ్రం మూసుకుపోవడంతో. ఆ మూసుకుపోవడాన్నే ఆపే మందిది. ఇదే కుటుంబంలో తర్వాత వచ్చిన అడపలీన్ 1996లో చీటీ మందుగా వచ్చి, 2016 జూలైలో అమెరికాలో 12 ఏళ్ళు దాటిన వాళ్ళెవరైనా చీటీ లేకుండా కొనుక్కునేలా మారింది. ఆ దేశంలో చీటీ అక్కర్లేని మొటిమల మందుల్లో 1980ల తర్వాత చేరిన మొట్టమొదటి కొత్త పదార్థం అది.

మరి చేతులు కడుక్కోవడం ఎందుకంటారా? క్లిగ్మన్ ప్రయోగాలన్నీ ఎక్కువగా ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైల్లో జరిగాయి. 1951 నుంచి 1974 దాకా. ఖైదీల్లో చాలామంది నల్లవాళ్ళు. చేతిలో కాసిని డాలర్లు పెట్టి వీపుల మీద, మొహాల మీద ఏవేవో రాసేవారు. డౌ కెమికల్ కంపెనీ కోసం ఖైదీల చర్మం మీద డయాక్సిన్ కూడా రాశారు, ఆ కంపెనీ చెప్పిన మోతాదు కన్నా చాలా ఎక్కువగా. చాక్లెట్ తింటే మొటిమలు రావని మనం వినే మాటకి కూడా మూలం ఇక్కడుంది. 1969లో క్లిగ్మన్ బృందం వేసిన పేపరది, చూసింది 65 మందిని, అందులో కొందరు ఖైదీలు. డబ్బులిచ్చింది చాక్లెట్ తయారీదార్ల సంఘం! ఆ ఖైదీల్లో 300 మంది దాకా 2000లో కోర్టుకెళ్తే, కాలం మించిపోయిందని కొట్టేశారు. పెన్సిల్వేనియా యూనివర్సిటీ వైద్య విభాగం 2021లో, ఫిలడెల్ఫియా నగరం 2022లో క్షమాపణ చెప్పాయి. క్లిగ్మన్ 2010లోనే పోయాడు.

ఇప్పుడు మా చెల్లి ట్యూబులోకి వద్దాం. స్టీరాయిడ్ల సంగతి.

కార్టిసోన్‌ని మొదట 1948లో కీళ్ళవాతం రోగికిచ్చారు. మంచం మీదున్న మనిషి లేచి నడిచింది. రెండేళ్ళకే, 1950లో, నోబెల్ ఇచ్చేశారు. 1952లో సుల్జ్‌బర్గర్, విట్టెన్ అనే ఇద్దరు డాక్టర్లు హైడ్రోకార్టిసోన్‌ని చర్మం మీద రాస్తే ఎగ్జిమా తగ్గుతుందని చూపించారు. ఎగ్జిమాతో ఏళ్ళ తరబడి గోక్కుంటూ బతికినవాళ్ళకి అది వరమే, అందులో అనుమానం లేదు. 1960ల్లో బీటామెథసోన్ లాంటి ఎన్నో రెట్లు గట్టివి వచ్చాయి. ఏది ఎంత గట్టిదో కొలిచేదెలా? 1962లో మెకెంజీ, స్టౌటన్ ఒక పరీక్ష కనిపెట్టారు. మామూలు మనుషుల చర్మం మీద మందు రాసి, ఆ చోటు ఎంత తెల్లగా పాలిపోయిందో చూడటం. స్టీరాయిడ్ రక్తనాళాల్ని ముడుచుకునేలా చేస్తుంది కాబట్టి రక్తం తగ్గి చర్మం పాలిపోతుంది. ఎంత పాలిపోతే అంత గట్టి మందు.

ఈ ఒక్క ముక్క అర్థమైతే మన మెడికల్ షాపు మాయ మొత్తం అర్థమైపోతుంది. మూడ్రోజుల్లో మొటిమ ఎరుపు ఎందుకు పోయింది? రక్తనాళాలు ముడుచుకున్నాయి కాబట్టి. మొహం ఎందుకు "తేటపడింది"? అదే కారణం. పైగా వాడగా వాడగా చర్మంలో రంగు తయారవడం కూడా తగ్గుతుంది. మొటిమకి మూలమైన మూసుకుపోయిన రంధ్రం మాత్రం అలాగే ఉంది. మందు ఆపగానే ముడుచుకున్న నాళాలు పగబట్టినట్టు విచ్చుకుంటాయి. ఎరుపు, మంట, కొత్త పొక్కులు. మళ్ళీ రాస్తాం. మనవాళ్ళ భాషలో చెప్పాలంటే ఎర్రర్ వస్తే బగ్ ఫిక్స్ చెయ్యకుండా ఎర్రర్ మెసేజిని కామెంట్ చేసి పారేయడం.

ఇది ఎవరికీ తెలీక జరిగిందనుకుంటే పొరపాటు. మొహానికి స్టీరాయిడ్ రాస్తే అదే మొటిమలు తెప్పిస్తుందని 1973లో పేపరు వచ్చింది. మొహం ఎర్రబడి, నాళాలు తేలి, మందు మానితే ఉగ్రరూపం దాల్చే పరిస్థితికి 'స్టీరాయిడ్ రొజేషియా' అనే పేరుతో 1974లో ఇంకో పేపరు వచ్చింది. రెండిటి మీదా ఉన్న పేరు, అవును, క్లిగ్మన్. ఇంకో ఏడాదికి, 1975లో, అదే క్లిగ్మన్ విల్లిస్ అనే ఆయనతో కలిసి చర్మం రంగు తగ్గించడానికి ఒక మిశ్రమం ప్రకటించాడు. హైడ్రోక్వినోన్ 5 శాతం, ట్రెటినాయిన్ 0.1 శాతం, డెక్సామెథసోన్ 0.1 శాతం. మూడోది స్టీరాయిడే! మంగు మచ్చలకి డాక్టరు కనిపెట్టుకుని ఉండి కొన్నాళ్ళు వాడించే మందుగా దానికో చోటుంది. ఆ పాళ్ళు కాస్త తగ్గించి, డెక్సామెథసోన్ బదులు మొమెటసోన్ వేసి 'మోడిఫైడ్ క్లిగ్మన్' అన్నారు. అది మన దేశానికొచ్చేసరికి ఏమైంది? తెల్లబడే క్రీమైంది, మొటిమల క్రీమైంది, పెళ్ళిచూపుల క్రీమైంది.

మన దగ్గర ఎంత వ్యాపించిందో 2011లో అచ్చయిన ఒక సర్వే చెప్తుంది. దేశంలో 12 చోట్ల, మొహం మీద ఏదో ఒక చర్మ సమస్యతో వచ్చిన 2,926 మందిని చూస్తే, 433 మంది మొహానికి స్టీరాయిడ్ రాస్తున్నారు. ప్రతి ఏడుగురిలో ఒకరన్నమాట. అందులో 126 మంది తెల్లబడటానికో, ఊరికే మామూలు క్రీములాగానో రాస్తున్నారు. 104 మంది మొటిమలకి. రాయమని చెప్పిందెవరయ్యా అంటే, 257 మంది విషయంలో డాక్టర్లు కానివాళ్ళు. దాన్ని తిరగేసి చూస్తే మిగిలిన 176 మందికి రాసిచ్చింది డాక్టర్లే. కాబట్టి షాపువాళ్ళ మీదే పడి ఏడవడం న్యాయం కాదు. వాళ్ళ మొహాల మీద ఎక్కువగా కనపడ్డ నష్టం ఏంటో తెలుసా? మొటిమలు.

మరి చట్టం ఏం చేస్తోంది? నా రూట్ కాజ్ ఇక్కడ దొరికింది. 1945 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ రూల్స్‌లో షెడ్యూల్ హెచ్ అని ఒక జాబితా ఉంది. అందులో ఉన్న మందులకి డాక్టరు చీటీ తప్పనిసరి. స్టీరాయిడ్ల పేర్లు అందులో ఉన్నాయి. కానీ జాబితా చివర ఒక నోట్ ఉండేది. దాని సారాంశం, పై పదార్థాల లవణాలకీ, వాటితో తయారైన మందులకీ కూడా ఇదే వర్తిస్తుంది, చర్మం మీద పైపైన రాసుకునేవి తప్ప. ఆ "తప్ప" ఒక్కటి చాలు. మింగే స్టీరాయిడ్ మాత్రకి చీటీ కావాలి, అదే స్టీరాయిడ్ ట్యూబులో పెడితే అక్కర్లేదు. పైన రాసుకునేదే కదా, ఏమవుతుందిలే అని ఎవరో రాసుంటారు. వాళ్ళ దృష్టిలో కాలికి రాసుకునే ఆయింట్‌మెంటు ఉండుంటుంది. పదహారేళ్ళ పిల్లలు రోజూ రాత్రి మొహమంతా పులుముకుంటారన్న టెస్ట్ కేస్ ఎవరూ రాయలేదు. అంటే 2013లో నాకా ట్యూబిచ్చిన షాపాయన చట్టాన్ని మీరాడని కూడా గట్టిగా అనలేను. ఇన్నాళ్ళూ ఆయన్ని తిట్టుకున్నాను.

చర్మ వైద్యుల సంఘం ఏళ్ళ తరబడి దీని మీద గొంతు చించుకుంది. చివరికి 2018 మార్చిలో కేంద్ర ఆరోగ్య శాఖ బీటామెథసోన్, డెక్సామెథసోన్, ఫ్లూసినలోన్ లాంటి 14 స్టీరాయిడ్లతో చేసిన పూత మందుల్ని చీటీ ఉంటేనే అమ్మాల్సిన వాటిలోకి తెచ్చింది. ప్యాచ్ రిలీజయింది. మా పిన్ని వాళ్ళ సందు చివర సర్వర్లో మాత్రం ఇంకా ఇన్‌స్టాల్ అయినట్టు లేదు.

పిన్నికి ఇదంతా చెప్పబోతే "ఏంట్రా, కంప్యూటర్లు చదివి డాక్టరువయ్యావా?" అంది. ఆవిడ బాధ వేరే. మొటిమలు తగ్గడం ఒకెత్తు, పిల్ల రంగు తేలడం ఒకెత్తు. రెండోదాన్ని వదులుకోడానికి మనసొప్పట్లేదు. నేను వాదించలేదు. ట్యూబు వెనక సన్నటి అక్షరాలు ఫోన్లో ఫోటో తీసి పెద్దది చేసి చూపించాను. "సోన్" అనో, "సోల్" అనో ముగిసే పేరుంటే ఒకసారి ఆగి అడగాలని మా చెల్లికి చెప్పాను. మూలన ఆర్‌ఎక్స్ గుర్తు కూడా ఉంది, చీటీ మీదే అమ్మాలని ఇంగ్లీషులో రాసి కూడా ఉంది. "ఇంత చిన్నగా రాస్తే ఎలా కనపడుద్దిరా" అంది పిన్ని, కళ్ళజోడు సవరించుకుంటూ. ఆ మాట నిజమే.

కనుమ వెళ్ళిన మర్నాడు చెల్లిని స్కిన్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఒక్కసారిగా మానెయ్యొద్దు, నేను చెప్పినట్టు మెల్లగా తగ్గిద్దాం అన్నారాయన. మొదటి రెండు నెలలు మొహం ఇప్పటికన్నా ఘోరంగా ఉంటుంది, భయపడి మళ్ళీ రాయొద్దని రెండుసార్లు చెప్పారు. ఎర్రదనం సద్దుమణిగాక బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం మొదలెడదాం అన్నారు. 10 శాతంది అయితే త్వరగా తగ్గదా అని పిన్ని అడిగింది. తగ్గదు, మంట మాత్రం ఎక్కువ అన్నారు. దాని వెనక 1986 నాటి పరిశోధన ఒకటుంది. రాసినవాళ్ళలో మళ్ళీ క్లిగ్మన్ ఉన్నాడు, ఎక్కడికెళ్ళినా తగుల్తాడు ఈయన.

ఇప్పటికి అయిదో వారం. నిన్న రాత్రి వీడియో కాల్ చేస్తే కెమెరా ఆన్ చెయ్యలేదు. "మొహం చూపించలేనన్నయ్యా, ఇవాళ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌కి కూడా మాస్కు పెట్టుకునే వెళ్ళాను" అంది. ట్యూబు ఏదని అడిగితే, అమ్మ బీరువాలో పెట్టి తాళం వేసిందట. చూపించను అని పదేళ్ళుగా దాచుకున్న నా ఐడీ కార్డు ఫోటో ఉందన్నాను కదా, దాన్ని వాట్సాప్‌లో పంపాను. అయిదు నిమిషాలు నవ్వే బొమ్మలు పంపి, తర్వాత అడిగింది, "ఎన్ని నెలలకి తగ్గింది నీకు?"